పువ్వు వెయ్యని పూల టీ

దోహా ఊళ్ళో, మెసైమీర్‌లోని మా ఇంట్లో ఇప్పుడు కూర్చోడానికి అట్టపెట్టెలే. పని ముగించి ఇండియా వెళ్ళిపోడానికి సామాను కట్టేస్తున్నాం. నా ఉద్యోగంలోకి హైదరాబాద్ నుంచి మానస అనే అమ్మాయి వచ్చింది. ఫుడ్ టెక్నాలజీ చదివింది, చురుకైన పిల్ల. మొన్న పని అప్పగిస్తుంటే చైనా ఊలాంగ్ టీ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, "సార్, గీ టీకి పూల వాసన ఉంటదంటరు గదా, ఏ పువ్వో ఎట్ల తెలుస్తది?" అని అడిగింది. దోహాలో టీ రుచి చూసే పని మీదే బతికినవాణ్ణి, టక్కున చెప్పాలి కదా. రాసిస్తాలే అమ్మా అని తప్పించుకున్నాను.

ఇదిగో, అదే రాస్తున్నాను. ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరు శాలువా కప్పారు లాంటివి ఇందులో వెతక్కు. అవి నాకే గుర్తు లేవు. నాకు ఇప్పటికీ అర్థం కాని సంగతి ఒకటుంది, దాని గురించే చెబుతాను. చదివాక నీకేమైనా అర్థమైతే నాకు చెప్పు.

జుర్రి ఉమ్మేసే ఉద్యోగం

మా కంపెనీ టీ పొడి తెప్పించి, కలిపి, ప్యాకెట్లు కట్టి అమ్ముతుంది. గోడౌన్ ఇండస్ట్రియల్ ఏరియాలో. బర్వా అల్ బరాహాలో కూలీలుండే క్యాంపుల దగ్గర కరక్ చాయ్, అంటే పాలు పోసి చిక్కగా మరిగించే టీ, కాచే దుకాణాలకి వెళ్ళేది చాలావరకు మా పొడే. పొద్దున్నే వరసగా కప్పులు పెట్టించుకుని, చెంచాతో తీసుకుని, జుర్రున పీల్చి, నోట్లో తిప్పి, ఉమ్మెయ్యడం నా పని. చుట్టాలెవరైనా మీ ఆయన ఏం చేస్తారని అడిగితే మా ఆవిడ శారద, "టీ తాగి ఉమ్మేస్తారండి, దానికి జీతమిస్తారు" అనేది. నాకు ఒళ్ళు మండేది గానీ, అందులో అబద్ధమేమీ లేదు.

జుర్రడం ఎందుకో తెలుసుకో. నాలుకకి తెలిసేది బహు తక్కువ. తీపి, పులుపు, చేదు, ఉప్పు, ఆ పైన కాస్త వగరు, అక్కడితో దాని చదువు అయిపోయింది. మిగతాదంతా ముక్కు పని. గాలితో కలిపి పీలిస్తే వాసన గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది. కాబట్టి కంపెనీ వీసా ఇచ్చింది నాకని నువ్వు అనుకోవచ్చు గానీ, నిజానికి ఇచ్చింది నా ముక్కుకి. నేను దాని వెనకాల వచ్చిన సామాను.

ఆ ముక్కుని కాపాడుకోవడానికి నేను చెయ్యని గొడవ లేదు. మా ముదీర్ ఇద్రీస్ గారు, అంటే మేనేజరు, సూడాన్ పెద్దమనిషి. మనసు వెన్న. కానీ ఆఫీసులో పొద్దున్నే బఖూర్ పొగ వేసేవారు. అగరు చెక్కల ధూపం, పుణ్యమే, కాదనను. ఆ పొగ నా గదిలోకొస్తే ఆ పూటకి అన్ని టీలూ ఒక్కటే. ఒకసారి పొగపళ్ళెం పట్టుకుని వస్తుంటే తలుపు మూసి గడియ పెట్టేశాను. వారం రోజులు ఆయన నాతో మాట్లాడలేదు, తర్వాత ఆయనే తలుపుకి రబ్బరు పట్టీ వేయించారు. మానసా, ముదీర్ అయినా, కంపెనీ యజమాని అర్బాబ్ అయినా, సువాసనతో టీ గదిలోకి వచ్చేవాణ్ణి మొహమాటం లేకుండా బయటికి పంపు.

మిస్ లిన్ తెచ్చిన ఉండలు

చైనా వాళ్ళ రాకపోకలు పెరిగాక, మా అర్బాబ్‌కి ఒక పెద్ద హోటల్లో చైనా టీ గది పెడదామని బుద్ధి పుట్టింది. సరుకు పంపే వాళ్ళ తరఫున మిస్ లిన్ అనే ఆవిడ వచ్చింది. చిన్న సంచీ విప్పి, బఠాణీ గింజలంత ముదురాకుపచ్చ ఉండలు నా ముందు పోసింది. నేను చెమ్మ తగిలి గడ్డకట్టిన సరుకనుకున్నాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టకపోతే చెత్తబుట్టలో వేసేవాణ్ణే.

మూత ఉన్న చిన్న గిన్నెలో నీళ్ళు పోసి, మూత నా ముక్కు దగ్గర పెట్టింది. ఏదో తియ్యటి గాలి తగిలింది. ఏ పువ్వులు కలిపారని అడిగాను. ఏమీ కలపలేదంది. నేను నమ్మలేదు. మల్లెపూల టీలో మల్లెలు కలుపుతారని ఎవరికి తెలియదు? ఆవిడ చూస్తుండగానే సంచీ మొత్తం తెల్ల కాగితం మీద గుమ్మరించి రేకుల కోసం వెతికాను. ఒక్కటీ లేదు.

ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఆకు కోసి, కాసేపు ఎండలో వాడబెట్టి, వెదురు పళ్ళేల్లో ఎగరేసి కుదుపుతారట. అంచులు నలిగి ఎర్రబారతాయి, నడుమ పచ్చగానే ఉంటుంది. సరైన అదనులో వేడి పెనం మీద వేయించి ఆ మార్పు ఆపేస్తారు, గుడ్డలో మూటగట్టి చుట్టి ఉండలు చేస్తారు. పూర్తిగా మాగితే నల్ల టీ, అసలు మాగకపోతే పచ్చ టీ, ఇది రెండిటికీ నడుమ. ఆ నలగడంలోంచే పూల వాసన వస్తుందట. మరి ఏ పువ్వని అడిగితే ఆర్కిడ్ అంది. నేనెరిగిన ఆర్కిడ్‌లు హోటల్ లాబీలో ఉండేవే, వాటికి ప్లాస్టిక్ పూలకున్నంత వాసన కూడా ఉండదు. ముదీర్ చూసి జహర్ అన్నారు, అంటే నారింజ పువ్వు. డ్రైవర్ షఫీది కడప జిల్లా. ఒక గుక్క తాగి, "ఏంది సార్ ఇది, పాలు పొయ్యడం మర్సిపోయినారా?" అన్నాడు.

నేనేం చెప్పానంటావా? ఉడికిన బచ్చలికూర మీద నుంచి ఏదో తీపి గాలి వస్తోందన్నాను. అది ఏ తీపో నాకు తేలలేదు. ఒకే గిన్నె చుట్టూ నలుగురు మనుషులం, నాలుగు రకాల మాటలు. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది నా పని.

కాచే పద్ధతి మాత్రం ఖాయంగా చెప్పగలను, రాసుకో. దోహా కుళాయి నీళ్ళు సముద్రంలోంచి ఉప్పు తీసినవి, ఆపైన ఎండాకాలం మేడ మీద ట్యాంకులో ఉడికినవి. వాటి జోలికి పోకు, సీసా నీళ్ళు వాడు. గిన్నెని వేడినీళ్ళతో తొలుచు. ఉండలు అడుగు కప్పేంత వెయ్యి చాలు. విచ్చుకుంటే ఒక్కొక్కటీ నిండు ఆకు అవుతుంది, ఎక్కువ వేస్తే మూత లేచిపోతుంది. తెర్లి, కాస్త నెమ్మదించిన నీళ్ళు పొయ్యి. మొదటి నీళ్ళు వెంటనే వంపేసి పారబొయ్యి, అవి ఉండల్ని నిద్ర లేపడానికి. మళ్ళీ పోసి, రెండు మూడు ఊపిర్లు ఆగి, చుక్క మిగలకుండా వంచెయ్యి. ఆకు మీద నీళ్ళు నిలిస్తే తర్వాతిది చేదెక్కుతుంది. ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువ ఆగు. వాసన చూడాల్సింది కప్పుని కాదు, మూతని.

పిప్పి గొడవ

టీ గది తెరిచాక కొన్నాళ్ళు ఎవరికీ పూల వాసన రాలేదు. అతిథులు తాగుతున్నారు, వేడినీళ్ళలా ఉందంటున్నారు, పోతున్నారు. మిస్ లిన్ మా వైపు అనుమానంగా చూస్తుంది, మేం ఆవిడ సరుకు వైపు అనుమానంగా చూస్తాం.

తీరా చూస్తే వడ్డించే కుర్రాళ్ళు ఒక్కసారి పోసి ఆకు పారేస్తున్నారు. రెండో కప్పుకి కొత్త ఉండలు. మనవాళ్ళు, నేపాలీలు, మలయాళీలు, ఒక్కళ్ళూ తేడా లేదు. ఎందుకురా అంటే, వాడిన పిప్పిలో మళ్ళీ నీళ్ళు పోసి గెస్టుకి ఎట్లా ఇస్తాం సార్ అన్నారు. నాకు వాళ్ళ మీద కోపం రాలేదు. మా ఇంట్లోనూ చుట్టానికి పిప్పి కాచి ఇచ్చామంటే పొమ్మనలేక పొగబెట్టినట్టే లెక్క. పైగా అర్బాబ్ కూడా వాళ్ళనే సమర్థించారు. మజ్లిస్‌కి, మన చావడికి, వచ్చినవాడికి వాడిన ఆకా, ఐబ్, సిగ్గుచేటు అన్నారు. మిస్ లిన్ వంటగదిలోకి వెళ్ళి, సగం కూడా విచ్చుకోని ఆకులు బుట్టెడు చూసి ఏడ్చినంత పని చేసింది. ఈ టీలో పువ్వు మూడో నీళ్ళలోనో, నాలుగో నీళ్ళలోనో గానీ బయటికి రాదు. మర్యాద కోసం దాన్ని మేం రోజూ చెత్తలో పోస్తున్నాం.

అతిథి ముందే కాచి, ఇది మూడో నీళ్ళు, ఇదే అసలైంది అని చెప్పి పోస్తే గానీ ఆ గొడవ సర్దుకోలేదు. అయితే పువ్వు ఏ నీళ్ళలో వస్తుందో కోత కోతకీ మారుతుంది. కొత్త కోతలో మిస్ లిన్ మూడు రకాలు పంపింది. ఒకటి ఎంచాలి, దాని వాసన ఏమిటో, ఏ నీళ్ళలో వస్తుందో కార్డు మీద రాయాలి. ఆ పని నాకు అప్పగించారు. సరిగ్గా అప్పుడే నాకూ శారదకీ కలిసి కరోనా వచ్చింది.

ముక్కు సెలవు పెట్టింది

జ్వరం తగ్గింది. లేచి కాఫీ పెట్టుకున్నాను, వేడిగా ఉంది, అంతే. ఇంగువ డబ్బాలో తల పెట్టినంత పని చేశాను, ఏమీ లేదు. కిరసనాయిలుకీ గంధానికీ తేడా తెలియని స్థితి. డాక్టరు, వస్తే రావచ్చు, రాకపోతే లేదు, చెప్పలేం అన్నాడు. ఆ మాట చెప్పడానికి అంత చదువు చదివాడా అని తిట్టుకుంటూ వచ్చాను. ఇంట్లో శారదని అడిగితే, తనకీ పోయింది గానీ నాలుగు రోజుల్లో వచ్చేసిందంది. అదృష్టవంతురాలివి అన్నాను.

నేను దాచలేదు. ముదీర్ దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన నన్ను కూర్చోబెట్టారు. అర్బాబ్ ఈ నెలాఖరుకి టీ ఎంచమంటున్నారని, లేకపోతే వేరే మనిషిని తెప్పిస్తారని, ఒక కుర్చీకి ఇద్దరికి వీసాలు ఇవ్వరని, ఆ మాట అనడానికి తనకే బాధగా ఉందని చెప్పారు. తర్వాత ఉన్నట్టుండి నన్ను చూసి, "ఇంట్లో మేడమ్ ముక్కు పనిచేస్తోందా?" అన్నారు.

చేస్తోందన్నాను.

"ఖలాస్. ముష్కిల్ మాఫీ, ఇంకేం ఇబ్బంది లేదు. నువ్వు కాచు, ఆవిడ చూస్తుంది, నువ్వు రాయి."

గుడ్డి కన్నా మెల్ల మేలనుకున్నాను. నిజం చెప్పొద్దూ, చచ్చేంత భయపడ్డాను. ఆ వయసులో ముక్కు పోయిన టీ మనిషికి ఇంకో కంపెనీలో ఉద్యోగం ఎవడిస్తాడు? నాకు రెండో పని రాదు. పోనీ ఇంటికెళ్ళి ఊరుకుందామన్నా, పని బాగా ముగించి వెళ్ళడం వేరు, పనికిరాక వెళ్ళడం వేరు.

శారద చెప్పిన పూలు

శారద పుట్టిల్లు కడియం. వాళ్ళ నాన్నగారిది పూలమొక్కల నర్సరీ. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకి పువ్వు చూపించి పేరు అడగడమంటే చేపకి ఈత పరీక్ష పెట్టడమే. అందుకే నాకు ధైర్యం.

ఒక శుక్రవారం పొద్దున్న భోజనాల బల్ల మీద మూడు గిన్నెలు పెట్టాను. నేను కాస్తాను, ఆవిడ మూత ముక్కు దగ్గర పెట్టుకుంటుంది, కళ్ళు మూసుకుంటుంది, ఒక గుక్క తాగుతుంది, చెబుతుంది. మొదటిదానికి వెంటనే చెప్పేసింది, "ఇది కనకాంబరమండి. చూపే గానీ వాసన లేదు." రెండోది మొదట్లో ఏమీ లేదంది, మూడో నీళ్ళకి మొహం విప్పారింది. సంపెంగ అంది. విచ్చీ విచ్చని సంపెంగ, పెట్టెలో చీర మడతల్లో పెట్టి మర్చిపోయినది అంది. మూడోది పొన్నపువ్వు, కానీ రోడ్డు పక్క చెట్టుది, దుమ్ము పట్టినది అంది. నేను బుద్ధిగా రాసుకున్నాను.

ముదీర్‌కి అది ఎంత నచ్చిందో! మిస్ లిన్‌కి చదివి వినిపించారు. రెండోది కొన్నారు. కార్డు మీద మూడో నీళ్ళు, సంపెంగ అని ఎక్కించారు. అతిథులు మూత వాసన చూసి తలలాడించడం మొదలుపెట్టారు. దుఖాన్ నుంచి చమురు కంపెనీ ఇంజనీర్ల కుటుంబాలు, మన తెలుగువాళ్ళు, వారాంతాల్లో వచ్చి, "అచ్చం సంపెంగేనండీ, మా అమ్మమ్మ గుర్తొస్తోంది" అనేవాళ్ళు. నా వీసా పొడిగించారు. తర్వాత కోతా శారదే చూసింది, ఆ తర్వాతదీ.

నాకు సంతోషం వెయ్యలేదు సరిగదా, కడుపులో మంట. ఎన్నో ఏళ్ళు జుర్రి ఉమ్మి నేను రాసింది ఏనాడూ ఎవరూ పైకి చదవలేదు. వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఆవిడ చెప్పింది ఊరంతా చదువుతోంది. అలిగి ఒక పూట అన్నం మానేశాను కూడా. ఆవిడ నవ్వి ఊరుకుంది.

మూత తెరిచిన రోజు

ఏడాది పైనే గడిచాక, ఒక శుక్రవారం ఎప్పట్లాగే ఆవిడ కోసం కాచి, మూత తీశాను. గుప్పున తగిలింది. బచ్చలికూర, ఆ మీద తియ్యటి గాలి. మూత బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ చూశాను. వచ్చింది. నా ముక్కు నాకు వచ్చేసింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే మూడో నీళ్ళు పోశాను, నాలుగోవి పోశాను, కార్డు మీద మేం ఎక్కించిన పువ్వు కోసం వెతికాను. బంగారంలాంటి వాసన, కానీ ఆ పువ్వు ఎక్కడా లేదు. పాత రకాల డబ్బాలు తీసి కాచాను. ఆవిడ చెప్పిన ఏ పువ్వూ దేంట్లోనూ లేదు.

శారదని పిలిచాను. ఇదేంటి, నువ్వు చెప్పినవి ఏవి అని అడిగాను. ఆవిడ నా మొహంలోకి చూసింది.

"మీకు వచ్చేసిందా?"

వచ్చిందన్నాను. ఆవిడ కుర్చీలో కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. నాకేమీ అర్థం కాలేదు.

"నాకు రాలేదండీ," అంది చివరికి. "ఆ జ్వరంతో పోయింది, ఇప్పటిదాకా రానేలేదు. నాలిక మీద తియ్యగా తగిలినదానికి సంపెంగన్నాను. వగరుకి పొన్నపువ్వన్నాను. ఏమీ తెలియనిదానికి కనకాంబరమన్నాను. మా నాన్న తోటలో పూలు నాకు గుర్తేగా. మీరు ఆ కప్పు ముందు దిగులుగా కూర్చుంటే చూడలేకపోయానండీ, ఏం చెయ్యను?"

ముందు కోపం వచ్చింది, అబద్ధమెందుకు. నన్ను వెర్రిపప్పని చేశావన్నాను. తర్వాత మూడు రకాలూ మళ్ళీ చూసుకుంటే ఇంకా తిక్క రేగింది. ఆవిడ ఎంచిన రెండోదే నిజంగా గొప్పది, నా ముక్కూ అదే చెప్పింది. మూడో నీళ్ళన్నదీ నిజమే. ఉట్టి నాలుకతో చెప్పింది. ఆ నాలుక నాకూ ఉంది కదా, అన్ని నెలలూ దాన్ని ఎందుకు నమ్మలేదు? పోనీ ఆవిడ సంగతి వదిలెయ్. అంతమంది అతిథులకి లేని సంపెంగ ఎలా వచ్చింది? వాళ్ళ అమ్మమ్మలు ఎలా గుర్తొచ్చారు?

ముదీర్‌కి చెప్పేశాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వారు. మిస్ లిన్ మాత్రం నవ్వలేదు. ఎవరి ఊరి పువ్వు వాళ్ళకి వస్తుంది, అందులో వింతేముంది, కార్డు మార్చొద్దు అంది. ఆవిడ మాట సరైనదో, సరుకు అమ్ముకునేవాళ్ళ మాటో నాకు తేలలేదు. కార్డు ఈనాటికీ అలాగే ఉంది. మానసా, ఉంచుతావో తీసేస్తావో నీ ఇష్టం. నేనైతే నీకు రెండే చెబుతాను. నీ ముక్కు ఎరగని పువ్వు పేరు ఎవరు చెప్పినా రాయకు. నాలుకని చిన్నచూపు చూడకు. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవని నాకూ తెలుసు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను గానీ చేతకావడం లేదు. ఆ రోజు నేను అడగనిది ఒకటుంది, తర్వాత వారం గుర్తొచ్చింది. ప్రతి శుక్రవారం ఇండియా కొట్లో మల్లెపూలు తెచ్చేవాణ్ణి. ఆవిడ దండ తీసి రెండు చేతుల్లో పెట్టుకుని, ఎంత కమ్మగా ఉన్నాయోనండీ అని తల్లో పెట్టుకునేది. ఏడాది పాటు. అదీ అంతేనా అని అడిగాను. తలూపింది. కడియంలో పుట్టిన మనిషి. నా ముక్కు పోయిందని నేను ఊరంతా చాటుకున్నాను, తన ముక్కు పోయిందని ఆవిడ ఇంట్లో కూడా అనలేదు. అప్పుడు నాకు వచ్చిన ఏడుపు ఇంకెప్పుడూ రాలేదు.

ఆవిడకి ఇప్పటికీ వాసనలు తెలియవు. డాక్టర్ల చుట్టూ తిరిగాం, లాభం లేకపోయింది. శుక్రవారాలు మాత్రం ఇద్దరం కూర్చుంటాం. నేను కాస్తాను, ఆవిడ తాగుతుంది, ఎలా ఉందో నేను చెప్పాలి. అదే మా ఏర్పాటు.

నిన్న కూడా పెట్టెల మధ్య గిన్నె పెట్టుకుని కూర్చున్నాం. మూడో నీళ్ళకి మూత నేను చూసి ఆవిడకిచ్చాను. ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని, "చెప్పండి" అంది. తియ్యగా ఉందన్నాను. పచ్చిగా ఉందన్నాను. తెల్లవారకముందే కోసిన పూలబుట్ట ఎవరో మన గుమ్మం ముందు నుంచి తీసుకెళ్ళిపోయారు, బుట్ట కనబడదు, గాలి మాత్రం ఇంకా అక్కడే ఉంది అన్నాను. నాకే సిగ్గేసింది, అలా ఎప్పుడూ రాసి ఎరగను.

శారద మూత దించలేదు. మెల్లగా పీల్చింది, మళ్ళీ పీల్చింది.

"వస్తోందండీ," అంది.

నిజంగానే వచ్చిందో, నా కోసం అందో నాకు తెలియదు. నాలుగో నీళ్ళు పోశాను.